వరండా బండల మీద రెండు గీతలు

1994 వేసవిలో నన్ను శంషాబాద్ దగ్గరి ఒక మండలానికి సర్వేయరుగా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు ఆరేళ్లు. రోజుకు ఒక సర్వే చేస్తే గట్టివాడు అనేవారు. నేను మూడు చేసేవాణ్ణి. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి కూడా.

మా పని చూడటానికి తేలిక. పొలం కొలతలున్న పాత పటాన్ని టిప్పన్ అంటాం. చెదరని హద్దురాయి ఒకటి చూసుకుని, అక్కణ్ణించి టిప్పన్‌లో ఉన్నంత దూరం ముప్పై మూడు అడుగుల ఇనుప గొలుసుతో కొలుచుకుంటూ పోతాం. కొలత ముగిసినచోట కొత్త రాయి పాతుతాం. గొలుసు లాగే ఉద్యోగి చైన్‌మన్, హోదాలో అందరికంటే కింద. మా చైన్‌మన్ ఖాజా భాయ్ శంషాబాద్ మనిషే, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద.

ఆఫీసు వరండా బండల మీద సరిగ్గా ముప్పై మూడు అడుగుల ఎడంతో ఉలితో చెక్కిన రెండు గీతలుండేవి. ఖాజా భాయ్ రోజూ పొద్దున్నే గొలుసును ఆ గీతల మధ్య పరిచి చూసేవాడు. వాడగా వాడగా గొలుసు కడియాలు సాగుతాయి. సాగితే సుత్తితో బిగించాలి. ఇది నియమావళిలో ఉన్నదే గానీ, ఒక్కరోజూ తప్పకుండా పాటించిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

వానలు పడేలోపు దరఖాస్తులన్నీ తేల్చాలని పై నుంచి ఒత్తిడి వచ్చింది. ఒకరోజు పని ముగించే వేళ గొలుసు తుమ్మ మొద్దుకు తట్టుకుంటే ఖాజా భాయ్, నేనూ కలిసి బలంగా గుంజాం. మర్నాడు పొద్దున నేను జీపు ఎక్కి కూర్చున్నాను. “జర ఐదు నిమిషాలు ఆగుండ్రి సాబ్, గొలుసు చూస్త” అన్నాడు. “నిన్ననే చూశాం కదా భాయ్, ఎండ ముదురుతోంది” అన్నాను. ఆయన గొలుసు చుట్టి జీపులో పెట్టాడు.

ఆ రోజు మొదటి సర్వే తొండుపల్లి వైపు. పొలం మరియమ్మది. భర్త పోయాక రెండెకరాల్లో టమాటా, వంకాయ పండించుకుంటున్న మనిషి. పక్క పొలం కొత్తగా కొన్న ఆసామి హద్దు చూపించమని దరఖాస్తు పెట్టాడు. పాత రాయి అతని పొలం అవతలి అంచున ఉంది. అక్కణ్ణించి ఇరవై గొలుసులు కొలిచి రాయి పాతించాను. మరియమ్మ బోరుబావి రాయికి అవతల, ఆ ఆసామి వైపు పడింది.

ఆమె కేకలేయలేదు. “బోరు నాది గాదంటే చేన్ల పంట ఎట్ల బతుకుతది సారూ?” అని మాత్రం అడిగింది. కొలత ఎలా చెబితే అలాగేనమ్మా అన్నాను. పంచనామా రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని, రెండో సర్వేకి బయల్దేరాను. నిజం చెప్పాలంటే దారిలో ఆమె గురించి ఆలోచించను కూడా లేదు.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్లేసరికి గొలుసు వరండాలో పరిచి ఉంది. పక్కనే సుత్తి. ఖాజా భాయ్ నిలబడి ఉన్నాడు. “బిగించే ముంగట మీరొక్కసారి చూడాలె సాబ్” అన్నాడు. గొలుసు కొన గీత దాటి రెండంగుళాలు బయటికి ఉంది. ఇరవై గొలుసులకు మూడడుగుల నాలుగంగుళాలు; అంతమేర రాయి మరియమ్మ పొలంలోకి జరిగినట్టే. ఆయన నేను రాకముందే నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఈ భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు.

నాకు ముందు వచ్చింది కోపం, సిగ్గు కాదు. బిగించి పడేయక నాకెందుకు చూపిస్తున్నావన్నాను.

“గొలుసు సరిజేస్త సాబ్. మరి రాయి?” అన్నాడు.

నిన్నటి మూడు సర్వేల రిపోర్టులూ ఇంకా నా సంచిలోనే ఉన్నాయి. వాటిని చింపి, గొలుసు సరిచూడకుండా కొలిచానని రాసి, మూడింటికీ మళ్లీ సర్వేకి అనుమతి అడిగాను. సర్వే ఇన్‌స్పెక్టరు నిలబెట్టి కడిగేశారు. నిర్లక్ష్యానికి మెమో ఇచ్చి, దాన్ని నా సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు.

తొండుపల్లి పొలం రెండోసారి కొలిస్తే బోరు మరియమ్మ వైపే, హద్దుకు అడుగున్నర లోపల తేలింది. ఆసామి నానా మాటలూ అన్నాడు. మరియమ్మ దండం పెడుతుందేమోనని నాలో ఎక్కడో ఆశ ఉంది. “మరి మొన్న గట్లెందుకు జెప్పిండ్రు?” అని నిలదీసింది. గొలుసు చూసుకోలేదమ్మా అన్నాను. “ఇద్దరం చూడలె” అన్నాడు ఖాజా భాయ్. ఆ రోజు గొలుసు చూస్తానని అడిగిన మనిషి, నా మాటకు ఆగిపోయిన మనిషి, తప్పులో సగం తన మీద వేసుకున్నాడు. అంత పెద్ద మనసు మా శాఖలో ఏ హోదాలోనూ నేను చూడలేదు.

“ఇగ నుంచన్న చూసుకోండ్రి” అని ఆమె మోటారు వేయడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజూ వరండాలో గొలుసు రెండో కొన నేనే పట్టుకున్నాను. ఖాజా భాయ్ రిటైరయ్యాకా మానలేదు. పని తొందర ఎక్కువున్న రోజే ఆ ఐదు నిమిషాలు ఎక్కువ అవసరమని, నా వేగాన్ని నేను సామర్థ్యమనుకున్నానని నాకు తెలిసివచ్చింది అక్కడే. పదోన్నతి సమయంలో ఆ మెమోను రద్దు చేయించుకోమని, ఒక్క దరఖాస్తు చాలని తోటివాళ్లు చెప్పారు. నేను పెట్టలేదు. అందులో రాసింది సరైన కొలతే.