విమానంలో మావయ్య పెత్తనం

మా మావయ్యకు మండపేటలో రైసుమిల్లు ఉంది. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆయనదే. అది బెడిసికొడితే మాటలు పడేది మాత్రం అత్తయ్య. ఊళ్ళో బస్సు కూడా ఆయన కాఫీ ముగించేదాకా కదలదు. అలాంటి మనిషిని మొదటిసారి విమానం ఎక్కించే భాగ్యం నా నెత్తిన పడింది.

హైదరాబాదులో వాళ్ళమ్మాయి సీమంతం. వియ్యాలవారికి పూతరేకులు పట్టుకెళ్ళాలి. స్టీలు డబ్బాలో సర్దుదామంది అత్తయ్య. బరువని మావయ్య కొట్టిపారేసి, అట్టపెట్టెలో పెట్టించారు. ఆ వియ్యపురాలేమో, పెళ్ళిలో లడ్డూ చిన్నదైందని ఇప్పటికీ దెప్పుతున్న మహాతల్లి. పెట్టె నలిగితే ఎవరికి మూడుతుందో అత్తయ్యకు బాగా తెలుసు. మధురపూడి ఎయిర్‌పోర్టుకు చేరేదాకా మొక్కుకుంటూనే ఉంది.

విమానం ఎక్కాక మావయ్య ఆ పెట్టెను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నారు. అలా కుదరదు, పైన పెట్టాలంది ఎయిర్‌హోస్టెస్. పైన సూట్‌కేసులున్నాయి, పూతరేకులు నలిగిపోతాయన్నారాయన. ఆ అమ్మాయి ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. నీతో ఏంటిగానీ, మీ డ్రైవరుగారిని పిలవమ్మా అన్నారు. ఛీ, సీటు కింద దూరిపోదామనిపించింది నాకు.

పైలట్ వచ్చింది. మావయ్య కూతురి వయసే ఉంటుంది. ఆమె వెనకాల ఇంకెవరైనా మగాడు వస్తున్నాడేమోనని మావయ్య తొంగిచూశారు. ఎవరూ లేరు.

"ఈ విమానంలో చివరి మాట నాదేనండి," అందామె నెమ్మదిగా. "ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సిందీ నేనే. పెట్టె పైకెక్కాలి, లేదంటే పెట్టెతో సహా మీరు దిగాలి."

పెట్టె పైకెక్కింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. అత్తయ్య మాత్రం ఆ పైలట్ అమ్మాయి లోపలికెళ్ళి తలుపేసుకున్నాక కూడా అటే చూస్తూ కూర్చుంది.

హైదరాబాదులో వియ్యపురాలు అందరి ముందూ మూత తీసింది. లోపల పూతరేకులు లేవు, పొడి ఉంది. సర్దుకోవడం కూడా రాకపోతే ఎలా వదినగారూ అంటూ మొదలుపెట్టింది. మేమందరం అలవాటుకొద్దీ అత్తయ్య వైపే తిరిగాం.

అత్తయ్య తల దించుకోలేదు. "అట్టపెట్టె చాలన్నది మీ అన్నయ్యగారండి. జవాబు కూడా ఆయన్నే అడగండి," అంది.

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"పొరపాటు నాదే చెల్లెమ్మా. మీ వదిన స్టీలు డబ్బాలో పెడదామనే అంది," అన్నారు.

ఆ నోటి నుంచి అలాంటి మాట నేను పుట్టాక వినలేదు. అత్తయ్య కూడా వినలేదనుకుంటాను. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.