చెలమ నీళ్ళ పప్పు

మా ఇంట్లో రెండు పార్టీలు ఉండేవి. ప్రపంచంలో ఏదీ అయిపోదు అనేది నాన్న పార్టీ. అన్నీ అయిపోతాయి, అందులోనూ మొట్టమొదట మనింట్లోనే అయిపోతాయి అనేది అమ్మ పార్టీ. ఓటరుని నేనొక్కదాన్నే. ఆ పూట ఎవరు జీళ్ళు కొనిపెడితే వాళ్ళకే నా ఓటు.

నాన్న తాపీమేస్త్రి. సాయంత్రం ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతో వచ్చి, దొడ్లో గోళెం దగ్గర కూర్చుని, దాని అడుగు కనబడేదాకా నెత్తిమీద నీళ్ళు కుమ్మరించుకునేవాడు. సబ్బుని తడిలోనే వదిలేసి కూనిరాగం తీసుకుంటూ లోపలికి వచ్చేసేవాడు. అమ్మ వెళ్ళి ఆ మెత్తబడిన సబ్బుని ఎండలో ఆరబెట్టేది. అది అరిగి రేకులా అయ్యాక కొత్త సబ్బు వీపున అతికించేది. పళ్ళ పేస్టు గొట్టాన్ని అప్పడాల కర్రతో ఒత్తి, ఇక అందులో ఏమీ లేదని మేం ఆశ వదులుకున్నాక కత్తెరతో నిలువునా కోసి, ఇంకో నాలుగు రోజులు మాచేత తోమించేది.

"అయిపోతే తెచ్చుకుందుమే, దానికేటి?" అనేవాడు నాన్న.

"అన్నీ కొట్లో దొరకవు మావా," అనేది అమ్మ.

రెండు వేల సంవత్సరం వచ్చి వెళ్ళిన కొన్నేళ్ళ తర్వాతి మాట ఇది. అనకాపల్లిలో పెంకుటిళ్ళు దిగిపోయి స్లాబులు లేస్తున్నాయి. నాన్నకి ఒక పని అవకముందే ఇంకో పని. శారదా నది మా వీధికి నాలుగడుగుల దూరం. అందులోంచి వచ్చే ఇసకంటే ఆయనకి ప్రాణం. గుప్పిట్లో పట్టి పిసికి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, "సూడు, పంచదార" అనేవాడు. ఎక్కడికైనా చుట్టాలింటికి వెళ్తే ముందు వాళ్ళ గోడ మీద చెయ్యేసి, ఏ ఏటి ఇసకో కనుక్కుని, పెదవి విరిచి, ఆ తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకునేవాడు.

అమ్మకీ నదితో పని ఉంది. అది ఇసకతో కాదు, ఇసక కింద నీళ్ళతో.

మా వీధిలో బోరు ఉంది, వారంలో కొన్నాళ్ళు కుళాయీ వస్తుంది. కానీ రెండిట్లోవీ బోరునీళ్ళే, వాటిలో పప్పు ఉడకదు. గంటసేపు కుతకుతలాడినా ఏ గింజకాగింజ విడివిడిగా మనకేసి చూస్తూనే ఉంటుంది. టీ పెడితే పైన తెట్టు కడుతుంది. అందుకని అమ్మ రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని నదిలోకి దిగేది. వేసవిలో నది ఎండినా ఇసకని చేత్తో గుండ్రంగా తోడితే కాసేపటికి అడుగున నీళ్ళు ఊరతాయి. అదే చెలమ. మొదట ఊరిన మడ్డినీళ్ళు ముంతతో పారబోసి ఆగితే, గాజుముక్కలా తేటగా వస్తాయి అసలు నీళ్ళు. నేను పక్కన బోర్లా పడుకుని అవి ఊరడం చూస్తూ ఉండేదాన్ని. ఎన్నిసార్లు చూసినా నాకు అది గారడీలానే ఉండేది.

ఆ నీళ్ళతో అమ్మ వండే పప్పుకి మా చర్చిలో పెద్ద పేరు. క్రిస్మస్ విందైనా, ఎవరింట్లో ప్రార్థన కూడికైనా, మాంసం ఎవరు వండినా సరే, పప్పు మాత్రం అమ్మదే. "నాదేటుంది, ఏటినీళ్ళ మయిమ," అనేది కానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయేది. చదువూ, నగలూ, పుట్టింటి గొప్పలూ ఏవీ లేని మా అమ్మకి ఊళ్ళో ఉన్న హోదా ఆ పప్పొక్కటే.

నాకు ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో సహజ వనరుల పాఠం వచ్చింది. తరిగే వనరులు, తరగని వనరులు అని రెండు వరసలు. బొగ్గూ పెట్రోలూ తరిగేవాటిలో ఉన్నాయి. ఎండా గాలీ నీరూ తరగనివాటిలో. రాత్రి నేను గట్టిగా చదువుతుంటే నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"ఇంకోపాలి సదువు. నీరు దేన్లో ఉంది?"

"తరగనివాటిలో నాన్నా."

"విన్నావేటే? పుస్తకంలో రాసీసేరు!" అని అమ్మకేసి చూసి మీసం తిప్పాడు.

అమ్మ గరిట పట్టుకునే వచ్చి నా వెనక నిలబడింది. "ఇసక దేన్లో ఉందో సూడు."

వెతికాను. "ఎందులోనూ లేదమ్మా."

"అదీ సంగతి. అయిపోద్దో అవదో ఆళ్ళకీ తెలీదు," అంది అమ్మ.

"తెలీక కాదు. అదేటి, లెక్కలోకి వచ్చే సరుకేటి? ఇసకెవడు లెక్కెడతాడు?" అన్నాడు నాన్న.

ఆ రాత్రి ఇద్దరూ నెగ్గామనుకునే పడుకున్నారు. మర్నాడు పరీక్షలో నేను మాత్రం బొగ్గుని తరగనివాటిలో రాసొచ్చాను.

ఆ ఏడాదే చర్చి పక్కన పెద్ద హాలు కడదామని సంఘమంతా అనుకుంది. పని నాన్నకి వచ్చింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సొంతిల్లు కట్టుకున్నట్టే కట్టాడు. నది నుంచి ఎడ్లబండ్ల మీద రావలసిన ఇసక ట్రాక్టర్ల మీద వచ్చింది. మా హాలుకే కాదు, ఊళ్ళో లేస్తున్న ప్రతి మేడకీ, విశాఖపట్నంలో అపార్టుమెంట్లకీ అక్కణ్ణించే పోయేది. నది మధ్యలోకి ట్రాక్టర్లకి బాట పడిపోయింది.

అమ్మ చెలమ మెల్లగా లోతుకి వెళ్ళిపోసాగింది. ఇదివరకు గాజులు తడవకుండా నీళ్ళు తోడేది. తర్వాత మోచేతిదాకా దిగింది. ఎండలు ముదిరేసరికి ఇసకలో పక్కకి ఒరిగి పడుకుని, భుజందాకా చెయ్యి దించి ముంతతో తోడుతుంటే, బిందె నిండేసరికి బడిగంట కొట్టేసేది.

"మావా, ఇసక తీసుకుపోతే నీళ్ళుండవు. నీళ్ళు దాక్కునీది ఇసకలోనే కదేటి?" అంది ఒకరోజు.

"వానలొత్తే నది మళ్ళా తెత్తాది. మా తాతల నాటినుంచీ తెత్తంది."

"మీ తాతలకి ట్రాక్టర్లు నేవు కదా."

నాన్న సైకిలెక్కి పనికి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆయనదీ తప్పుడు వాదమేం కాదు. నది ఏటా తెస్తూనే ఉంది. అది తెచ్చేలోపలే మనం పట్టుకుపోతున్నాం, అంతే.

మే నెలలో హాలు ప్రతిష్ఠ పెట్టుకున్నారు. సంఘమంతటికీ భోజనాలు. బిర్యానీకి మా ఊరి భాయ్‌ని పిలిచారు. అనకాపల్లిలో ఏ మతంవాళ్ళ పెళ్ళయినా ఆయన బిర్యానీ ఉండాల్సిందే. పప్పు ఎవరు అని ఎవరూ అడగను కూడా అడగలేదు. అమ్మ మామిడికాయ పప్పు అని ముందే చెప్పేసి, వారం రోజులుగా కందిపప్పు ఎండబెట్టి, చెరిగి, రాళ్ళు ఏరి సిద్ధంగా ఉంచుకుంది.

ముందురోజు మధ్యాహ్నం నేనూ, అమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని నదికి వెళ్ళాం. చెలమ ఉండాల్సిన చోట ట్రాక్టరు చక్రాల గాడులున్నాయి. ఆ పక్కన ఇసకంతా ఎత్తేసిన గుంటలో ఎర్రటి బురదనీళ్ళు, అందులో హాయిగా పడుకుని నెమరేస్తున్న ఒక గేదె. అమ్మ దాన్ని అదిలించలేదు, తిట్టలేదు. "ఎల్దాం" అంది. ఖాళీ బిందె నడుమ్మీద పెట్టుకుని అమ్మ నడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"బోరేసేం కదే హాలు కాడ. నీళ్ళు నీళ్ళే," అన్నాడు నాన్న ఇంటికొచ్చాక. కానీ గొంతులో మునుపటి జోరు లేదు.

ప్రతిష్ఠ రోజు హాలు వెనక టార్పాలిన్ కింద గాడిపొయ్యి తవ్వారు. ఒక వైపు భాయ్ బిర్యానీ, ఇంకో వైపు అమ్మ పప్పు డేగిసా. లోపల ఆరాధన మొదలైంది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. బిర్యానీ దమ్ముకి వచ్చింది. పప్పు మాత్రం వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అమ్మ గరిటతో తీసి రెండువేళ్ళ మధ్య నలపడం, తల అడ్డంగా ఊపడం. ముక్కలు తరిగిన మామిడికాయ పళ్ళెం పక్కన ఎదురుచూస్తోంది. పప్పు మెత్తబడకుండా పులుపు వేస్తే ఇక జన్మలో ఉడకదు.

లోపల పాస్టరుగారు ప్రసంగం ముగింపుకి వచ్చి వెనక తలుపుకేసి చూశారు. అక్కడ కొత్త చొక్కాలో నిలబడి ఉన్న నాన్న, అవలేదని చెయ్యి ఊపాడు. పాస్టరుగారు అనుభవజ్ఞులు. ఒక్క క్షణం కూడా తడబడకుండా "ఇంకొక్క మాట" అన్నారు. తను మొదటిసారి నక్కపల్లి నుంచి బస్సులో ఈ ఊరొచ్చిన కథ ఎత్తుకున్నారు. కండక్టరు తనని తప్పు స్టాపులో దింపేయడం, ఎవరో పుణ్యాత్ములు మాడుగుల హల్వా పెట్టి ఆదుకోవడం వచ్చేసరికి, బిర్యానీ వాసన పీలుస్తూ కూర్చున్న పిల్లలు ఇక తట్టుకోలేక ఏడుపు లంకించుకున్నారు. మళ్ళీ తలుపుకేసి చూశారు. నాన్న మళ్ళీ చెయ్యి ఊపాడు.

వెనకాల భాయ్ మెల్లగా అమ్మ దగ్గరకొచ్చి వంగాడు. "అమ్మా, కొంచెం సోడా వేసెయ్యండి. బేగి మెత్తబడిపోద్ది. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుత్తాది కదా భాయ్," అంది అమ్మ.

ఆ జవాబుకి ఆయన నవ్వలేదు. తలూపి, తన పొయ్యిలోంచి రెండు మండుతున్న దుంగలు తీసి అమ్మ పొయ్యిలోకి నెట్టాడు. మంట లేచింది. పప్పు కదల్లేదు.

పాస్టరుగారికి కథలు అయిపోయాయి. ఇక వందనాలు మొదలుపెట్టారు. చందా ఇచ్చినవాళ్ళకి, స్థలం ఇచ్చినవాళ్ళకి, సిమెంటు మోసినవాళ్ళకి, నాన్నకి, నాన్న కూలీలకి. తలుపుకేసి చూశారు. నాన్న చెయ్యి ఊపాడు. కుర్చీలు సర్దినవాళ్ళకి, మైకు అబ్బాయికి. ఇంకెవరూ మిగలక ఆయన చుట్టూ చూసి, కొత్త గోడల మీద చూపు నిలిపి, "ఇంత మంచి ఇసకనిచ్చిన మన నదికి కూడా వందనాలు చెబుదాం" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆకలి మీద ఉన్నారేమో, బాగా గట్టిగా కొట్టారు.

మైకులో ఆ మాట వెనక్కి స్పష్టంగా వినిపించింది. అమ్మ లేచి, చెయ్యి తుడుచుకుని, వెనకే ఉన్న హాలు గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. అదింకా కొత్త సున్నం వాసన వేస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది, నేను బోర్లా పడుకుని చూసిన చెలమల ఇసకంతా ఆ గోడలోనే ఉందని. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఎవరికీ చెప్పుకోలేని ఏడుపు.

"ఏసీయి భాయ్, సోడా," అంది అమ్మ.

అందరూ తిన్నారు. అందరూ మెచ్చుకున్నారు. ఎప్పట్లాగే అద్భుతం అన్నారు. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, తల ఎత్తి అమ్మని చూసి, విస్తరిలో ఉన్నదంతా తిన్నాడు. మళ్ళీ వడ్డించమని మాత్రం అడగలేదు. ఊహ తెలిసినప్పట్నుంచీ అమ్మ పప్పు రెండోసారి అడగని నాన్నని చూడటం నాకు అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఆయన పనికి వెళ్ళలేదు. గునపం, పారా భుజాన వేసుకుని, "బిందట్టుకు రండి" అన్నాడు. నదిలో ట్రాక్టర్లు తొక్కని ఒక మూల చూసి తవ్వడం మొదలుపెట్టాడు. పునాదులు తవ్విన చెయ్యి, ఇసక రెండువైపులా గుట్టలు పడింది. మోకాలిదాకా దిగాడు, నడుందాకా దిగాడు. అమ్మా నేనూ అంచున కూర్చుని చూస్తున్నాం. "వత్తాది, వత్తాది" అంటూనే ఉన్నాడు. భుజాలదాకా దిగాక పార చప్పుడు మారింది. వంగి అడుగు నుంచి గుప్పెడు పైకి తెచ్చి, ఇసకని చూసే అలవాటుతోనే పిసికాడు. అది వేళ్ళ సందుల్లోంచి జారలేదు. బంకమట్టి, ముద్దలా చేతికి అంటుకుపోయింది.

నాన్న దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"అయిపోనాదే," అన్నాడు.

ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని అమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ కాచుకుని ఉంది. సబ్బు దగ్గరా, పేస్టు దగ్గరా, గోళెం దగ్గరా ఎంత గీపెట్టినా రాని మాట. ఇప్పుడు ఏమంటుందా అని నేను ఆవిడ ముఖంలోకి చూశాను. పోట్లాటలో గెలిచినవాళ్ళ ముఖంలా లేదు.

"అయిపోనేదులే మావా. వానలొత్తే వత్తాదన్నావు కదా," అంది, పైకి రమ్మని చెయ్యి అందిస్తూ. "ఎల్దాం రా, ఎండెక్కతంది."

నాన్న ఆ చెయ్యి పట్టుకుని పైకొచ్చాడు. ఖాళీ బిందె ఆయనే ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పప్పుకి సోడా అలవాటైపోయింది. వంటింటి గూట్లో ఒక చిన్న డబ్బా ఉండేది. అది సగానికి దిగేసరికే, ఎవరూ అడగకుండానే, నాన్న ఇంకో పొట్లం తెచ్చి అక్కడ పెట్టేసేవాడు.