యాభై తప్పు, నలభై తొమ్మిది ఉండాలి

ఆ ప్రోగ్రాం పనిచేయడం నేను చూశాను. ముందు రోజు మధ్యాహ్నం, ఏడో నంబరు మెషీన్ మీద, నా కళ్లతో నేనే చూశాను. మర్నాడు అందరి ముందూ అడిగినప్పుడు మాత్రం "నేను సరిగ్గా గమనించలేదండీ" అన్నాను. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. మాది గోదావరి వైపు. ఎల్‌బీ నగర్‌లో అద్దెకు ఉండేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ఊపుమీద ఉన్న రోజులు. వారానికొక బంద్, మధ్యలో ధర్నాలు. బంద్ రోజు బస్సులుండేవి కావు. నేను కొత్తపేట మీదుగా నడుచుకుంటూ వచ్చి, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి దూరేవాణ్ణి. మేం ఉండాలా పోవాలా, రేపు ఏమవుతుంది, ఎవరికీ తెలియదు. పొద్దున్నే పేపర్ చదివితే ఒకటి అర్థమయ్యేది, సాయంత్రం టీ బండి దగ్గర నిలబడితే ఇంకొకటి.

ఆ ప్రోగ్రాం రాసిన అమ్మాయి మా దగ్గర జావా అనే కంప్యూటర్ భాష నేర్పే బ్యాచ్‌లో చదివేది. అప్పటికి పాతికేళ్లుంటాయి. వాళ్లది పోచంపల్లి దగ్గరి చేనేత కుటుంబం, సైదాబాద్‌లో ఉండేవాళ్లు. తండ్రి ఇక్కత్ చీరలకు డిజైన్లు గీసేవాడు. ఇక్కత్ చీర మీది బొమ్మ మగ్గం మీద పుట్టదు. ముందే గ్రాఫు కాగితం మీద గడిగడిగా గీసి, ఆ లెక్క ప్రకారం దారాలకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఒక్క గడి తప్పినా నేతలో బొమ్మ వంకరపోతుంది. ఇదంతా ఆమె చెబితేనే నాకు తెలిసింది. ఆమె పగలంతా ఒక చీరల కొట్లో పనిచేసేది. భోజనాల వేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట ల్యాబ్‌కు వచ్చేది.

తండ్రి గీసే గ్రాఫును కంప్యూటర్ మీద గీసే ప్రోగ్రాం ఆమె ప్రాజెక్టు. సగం బొమ్మకు గళ్లు నింపితే చాలు, మిగతా సగం అదే ఎదురుగా గీసుకుంటుంది. బొమ్మలు గీయడానికి ఇంటర్నెట్ నుంచి ఒక లైబ్రరీ దించుకుంది. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. మన ప్రోగ్రాంకు జత చేసుకుంటే ఆ పని మనం మళ్లీ రాయక్కర్లేదు.

అప్పుడే మా డైరెక్టర్ ఎల్‌బీ నగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు. అక్కడి ల్యాబ్‌కు ఒక ఇన్‌స్ట్రక్టర్ కావాలి. మన దగ్గర చదివినవాళ్లలో ఎవరి ప్రాజెక్టు బాగుంటే వాళ్లకే ఉద్యోగం అన్నాడు.

"చీరలు మడతపెట్టి మడతపెట్టి, నిద్రల కూడ నా చేతులు మడతపెడ్తున్నయ్ సార్" అందామె. "గీ నౌకరీ ఒస్తె ఇడుస్త గా కొట్టును."

నవ్వుతూనే అంది. కానీ ఆ ఉద్యోగం ఆమెకు ఎంత కావాలో నాకు తెలిసింది.

ఆ లైబ్రరీ జత చేయగానే తెర మీద ఎర్రర్ వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం ఇంతే: ఫైలు వెర్షన్ తప్పు, 50 ఉంది, 49 ఉండాలి.

"యాభై ఏంది సార్? మన జావా ఐదో, ఆరో గద. గీ యాభై ఏడికెల్లి ఒచ్చింది?"

నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. తెర వంక కాసేపు చూసి, "మీ డిజైన్లో అడ్డంగా ఎన్ని గళ్లు?" అని అడిగాను.

"యాభై."

"అదే మరి. నలభై తొమ్మిది చేసి చూడండి."

ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆ రోజు మాత్రం ఆమె నా మాట నమ్మి, ఇంటికెళ్లి తండ్రి పక్కన కూర్చుని డిజైన్ మొత్తం నలభై తొమ్మిది గళ్లకు మార్పించింది. మర్నాడు వచ్చి బ్యాగు బల్ల మీద పెడుతూ అంది:

"మా నాయిన మిమ్మల్ని తిడుతుండు సార్. రెండు ఏనుగులు ఎదురుంగ నిలవడాలె. బేసి లెక్క జేస్తె ఒకదాని తొండం ఇంకోదాని నోట్లకు పోయింది. గా సారెవరో ఏనుగును ఎన్నడన్న సూసిండా అంటుండు."

ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎర్రర్ మాత్రం కదల్లేదు. యాభై తప్పు, నలభై తొమ్మిది ఉండాలి.

ఇంకా అయోమయం ఏమిటంటే, ఇంటికి పట్టుకెళ్లి పెడితే నా సొంత మెషీన్ మీద ఆ ప్రోగ్రాం చక్కగా నడిచేది. అదే పెన్ డ్రైవ్, అదే ఫైలు. ల్యాబ్‌లో మాత్రం ఏ మెషీన్ మీద పెట్టినా ఎర్రరే. ఒకరు వైరస్ అన్నారు. ఒకరు పెన్ డ్రైవ్ మార్చమన్నారు. ల్యాబ్‌లో పాత జావా ఉందేమోనని ఆమె రెండుసార్లు అడిగింది. "అది కాదమ్మా, అన్నిట్లోనూ కొత్తది నేనే వేశాను" అన్నాను. అబద్ధం కాదు. నెల క్రితం ఒక బంద్ రోజు, క్లాసులు లేవని, పొద్దుటి నుంచీ కూర్చుని ఇరవై మెషీన్లలోనూ జావా ఆరు వేశాను. ఒక్కొక్కటీ నడిపి చూశాను. డైరెక్టర్‌కు ఫోన్ చేసి అయిపోయిందని చెప్పాను. మెషీన్లు ఆపి ఇంటికి వెళ్లాను. కాబట్టి తప్పు ఆమె కోడ్‌లోనే ఉండాలి. అదే చెప్పాను. ఆమె ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాసింది. మళ్లీ అదే ఎర్రర్. ఇంకోసారి రాసింది.

ఆ వారంలోనే ఒక రోజు రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం అప్పటి నిరసన. వాళ్ల కొట్లో పనిచేసే ఆడవాళ్లంతా వెళ్లారట. ఆమె మధ్యాహ్నం చేతులకు పసుపుతో, స్టీలు డబ్బా పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. డబ్బాలో పులిహోర.

"తినుండ్రి సార్. ఆంధ్రోళ్లకు పెట్టొద్దని ఎవ్వరన్లె."

తిన్నాను. చాలా బాగుంది. రోడ్డు మీద వండిన ఆ అన్నం ఎవరి మీద కోపంతో వండారో, అది నాకెందుకు పెట్టిందో, తింటున్నంతసేపూ నాకు అర్థం కాలేదు.

ప్రాజెక్టులు చూపించాల్సిన రోజుకు ముందు రోజు మధ్యాహ్నం ఆమె ముఖం చూడలేక, "సరే, ఈ ఏడో నంబరులో జావా మళ్లీ వేసి చూద్దాం" అన్నాను. వేశాను. ప్రోగ్రాం నడిచింది. తెర మీద ఎర్రని అంచు, మధ్యలో రెండు ఏనుగులు, యాభై గళ్లలో ఎదురెదురుగా తొండాలెత్తి నిలబడ్డాయి. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. బంద్ రోజు ఈ ఒక్క మెషీన్ మర్చిపోయి ఉంటాను అనుకున్నాను. మిగతావాటి సంగతి ఆలోచించలేదు. "రేపు ఇదే మెషీన్ మీద చూపించండి" అని చెప్పాను. సాయంత్రం అన్నిటితో పాటు దాన్నీ ఆపేసి వెళ్లాను.

మర్నాడు డైరెక్టర్ వచ్చి ఏడో నంబరు దగ్గర నిలబడ్డాడు. వెనక పదిమంది దాకా విద్యార్థులు. ఆమె ప్రోగ్రాం నడిపింది.

యాభై ఉంది. నలభై తొమ్మిది ఉండాలి.

ఆమె మళ్లీ నడిపింది. మళ్లీ అదే.

"నిన్న నడిచింది సార్" అంది డైరెక్టర్‌తో. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు సూసిండ్రు గద సార్. మీ ముంగటనే గద నడిచింది."

"ఏమయ్యా, చూశావా?" అన్నాడు డైరెక్టర్.

అప్పుడే నా కన్ను తెర కింద మూల మీద పడింది. అక్కడ చిన్న తాళం బొమ్మ ఉంది. రెండేళ్లుగా రోజూ చూస్తున్న బొమ్మే. విద్యార్థులు మెషీన్లు పాడుచేస్తున్నారని అన్నిటికీ ఆ తాళం వేసింది నేనే. అది ఉన్నంతకాలం మెషీన్ మీద ఏం చేసినా, ఒకసారి ఆపి మళ్లీ వేస్తే అంతా చెరిగిపోయి పాత స్థితికి వచ్చేస్తుంది. ఏదైనా నిలవాలంటే ముందు పాస్‌వర్డ్‌తో తాళం తీయాలి. బంద్ రోజు నేను తాళం తీయలేదు. ఇరవై మెషీన్లలో నేను వేసిన జావా ఆ సాయంత్రానికే పోయింది. నిన్న ఏడో నంబరులో వేసిందీ పోయింది. అందరూ తమ పని పెన్ డ్రైవ్‌లలో పట్టుకెళ్లేవాళ్లు గనక ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో నా మెషీన్‌కు తాళం లేదు, అందులో వేసిన జావా ఆరు నిలిచింది. అందుకే అక్కడ నడిచింది. జావా ఐదుకు లోపలి నంబరు 49, ఆరుకు 50. ఆరుతో చేసిన లైబ్రరీని ఐదు చదవలేకపోతోంది. అంతే. నెల రోజుల చిక్కు ఒక్క క్షణంలో విడిపోయింది.

నోరు తెరిచి చెప్పాలి. చెబితే, అయిపోయిందని నేను చేసిన ఫోన్ అబద్ధమవుతుంది. పదిమంది ముందు నేను పని రానివాణ్ణవుతాను. ఊరంతా అనిశ్చితంగా ఉన్న ఆ రోజుల్లో ఉద్యోగం పోతే ఏమిటన్న భయం కూడా ఉంది. కానీ దాన్ని సాకుగా చెప్పుకోను. డైరెక్టర్ నన్ను తీసేసేవాడు కాదు. మహా అయితే తిట్టేవాడు.

"నేను సరిగ్గా గమనించలేదండీ" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. తప్పు స్టాపులో బస్సు దిగిన మనిషి చుట్టూ చూసినట్టు చూసింది, అంతే.

"రోజూ ధర్నాలకు పోతే ప్రోగ్రాం ఎలా వస్తుందమ్మా?" అన్నాడు డైరెక్టర్. "మీ రాష్ట్రం మీకు వచ్చాక రా. అప్పుడు మీ జావా కూడా నడుస్తుందిలే."

ఒకరిద్దరు నవ్వారు. నేనూ పెదవులు కదిపాను. ఆమె పెన్ డ్రైవ్ తీసుకుని, కుర్చీ బల్ల కిందికి జరిపి, వెళ్లిపోయింది. ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది. ఆ సాయంత్రం అందరూ పోయాక ఇరవై మెషీన్లకూ తాళం తీసి, జావా వేసి, మళ్లీ తాళం వేశాను. ఆ తర్వాత ఆ ఎర్రర్ ఎవరికీ రాలేదు. ఆమె కూడా మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చింది. మేం ఎక్కడికీ పోలేదు. ఎల్‌బీ నగర్‌లోనే ఉన్నాం. నేను ఉద్యోగం మారాను. కర్మన్‌ఘాట్ గుడి దారిలో ఇక్కత్ డిజైన్లు గీసి ఇచ్చే ఒక చిన్న కొట్టు ఉంది. ఒకసారి బస్సులోంచి చూస్తే బల్ల ముందు ఆమె కూర్చుని ఉంది. నాలుగేళ్లు ఆ దారిన వెళ్లాను. ఒక్కసారీ దిగలేదు.

పోయిన నెల మా ఆఫీసులో ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. ఆవిడ తెర మీద అదే వాక్యం, అంకెలు మాత్రం వేరు. 61 ఉంది, 55 ఉండాలి. కొత్త జావాతో చేసిన లైబ్రరీ, మెషీన్‌లో పాత జావా. పది నిమిషాల పని. కానీ ఆవిడ "నిన్న పనిచేసింది సార్. నిజంగా పనిచేసింది" అంటోంది. నేను ఏమీ అనకముందే అంటోంది. "నాకు తెలుసమ్మా" అన్నాను. ఆ శనివారం కర్మన్‌ఘాట్‌లో బస్సు దిగాను.

కొట్లో ఆమె, ఇద్దరు పనివాళ్లు, గోడ పక్కన పడక కుర్చీలో ఒక ముసలాయన. అన్ని బల్లల మీదా గ్రాఫు కాగితాలు, రంగు పెన్సిళ్లు. కంప్యూటర్ ఎక్కడా కనిపించలేదు. ఆమె నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"కూసోండ్రి సార్. మేడం కోసం చీర డిజైనా?"

"కాదమ్మా. ఆ రోజు ప్రాజెక్టు సంగతి చెబుదామని వచ్చాను." గొంతు తగ్గించాను. "ఒకసారి బయటికి వస్తారా?"

ఆమె పెన్సిల్ కింద పెట్టలేదు.

"గా దినం అందరి ముంగట్నే అయింది గద సార్. గిప్పుడు బయటెందుకు? ఈడనే చెప్పుండ్రి. నేనేం తప్పు జేసిన్నో నాకింతవరకు సమజ్ గాలె. మల్ల కంప్యూటర్ జోలికే పోలె నేను."

గోడ పక్కన ముసలాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎవరు బిడ్డా?"

"గా నలభై తొమ్మిది సారు, నాయినా."

"ఓహో, ఏనుగుల సారా!" అన్నాడాయన. పనివాళ్లు ఫక్కున నవ్వి, నా ముఖం చూసి ఆగిపోయారు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో నా పేరు అదేనని అప్పుడు తెలిసింది.

నేను లేచి నిలబడ్డాను. ముందే కూర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. ఆయన వైపు తిరిగి చెప్పాను.

"మీ అమ్మాయి తప్పు ఏమీ లేదండీ. గళ్లు యాభై ఉండాల్సిందే. మెషీన్లలో పాత జావా ఉంది. కొత్తది వేశాననుకున్నాను గానీ, నా పొరపాటు వల్ల అది నిలవలేదు. ముందు రోజు ప్రోగ్రాం నడిచింది. నేను చూశాను. ఎర్రని అంచు, ఎదురెదురుగా రెండు ఏనుగులు. అందరి ముందూ చూడలేదన్నాను. అప్పటికే నాకు కారణం తెలిసిపోయింది. తెలిసీ అన్నాను." తర్వాత ఆమె వైపు తిరిగాను. "అది నడిచిందమ్మా. మీరు రాసింది మొదటిసారే సరిగ్గా ఉంది. నన్ను క్షమించండి."