రాణి చీర

“తాళంచెవి ఇయ్యవే.”

“ఇయ్యను.”

“వేషం పెట్టె నాది. మా మామ నా చేతిలో పెట్టినాడు. నీ పుట్టింటోళ్ళు పంపింది కాదు.”

“పెట్టె నీదేలే. తాళం నా కొంగున ఉండాది. ముందు పోయి తొట్లో నీళ్ళల్లో నీ మొహం చూసుకో. ముందరి పళ్ళు రెండూ ఊడినాయి. రాణి నోరు తెరిస్తే జనం ఏడుస్తారా, నవ్వుతారా?”

“నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నీకేంది?”

“నాకేందా? ఆ నవ్వులన్నీ రేపు నీళ్ళకాడ నేను వినాల గదయ్యా.”

కరువు పోయి వానలు పడ్డాక, బహుధాన్య సంవత్సరంలో జొన్న కోతలు అయిన తరువాత, ఒక మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. తాళం అడుగుతున్నది నా పెనిమిటి. ఉదయగిరి కొండ కనిపించే పల్లెల్లోనూ, ఇటు ఆత్మకూరు దాకానూ ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన రాణి. మా ఊరి మేళంలో ముప్పై నాలుగేళ్ళు అదొక్క వేషమే కట్టాడు. ఆటలో రాణికి బిడ్డ చచ్చిపోతుంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఏడ్చే ఘట్టం కోసమే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. పదహారో ఏట మేనమామ దగ్గర ఆ వేషం తీసుకున్నాడు. మా పెళ్ళిలో పిల్ల జడ కంటే పిల్లోడి జడ పొడుగుందని మా వాళ్ళు నవ్వారు.

ఆ వేషానికి కట్టుబాట్లు ఉన్నాయి. కట్టేవాడు అందరు మగవాళ్ళలా ముందు జుట్టు గొరిగించుకోకూడదు. పాపట తీయడానికి నిండు తల కావాలి. ఇంట్లో చావు వచ్చినా తలకు కత్తి తగలకూడదు. మా అత్త పోయినప్పుడు తమ్ముడి చేత కర్మ చేయించి, తాను జడతోనే నిలబడ్డాడు. ఊరు మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేదు.

చీరకూ ఒక కట్టుబాటు ఉంది. ఎర్రంచు పచ్చపట్టు అది. మేనమామ కంటే ముందువాళ్ళ నుంచి వచ్చింది. వేషగాడు తప్ప ఎవరూ ఒంటికి తగిలించుకోరాదు. ఆట లేని రోజుల్లో పెట్టె తెరవరాదు. ఆట అయ్యాక నీడన ఆరేసి, వేపాకు పరిచి దాన్ని మడిచిపెట్టే పని నాది. ఎక్కడన్నా చిరుగు పడితే దాని కొంగులోంచే ఒక పోగు లాగి కుట్టేదాన్ని. ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మనవరాలి పాత గుడ్డలు అందులో దాస్తున్నాను.

ధాత సంవత్సరంలో మొదలైన కరువులో రెండేళ్ళు ఆట లేదు. నాగజెముడు పండ్లూ చింతగింజలూ తిన్నాం. అవి కూడా దొరకనప్పుడు ఆయన సముద్రం పక్కన కాలవ తవ్వే పనికి నడిచి వెళ్ళాడు. ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ళ మా చిన్నదీ మిగిలాం. ఆయన వెళ్ళిన నెలకు పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. మూడో రోజు పోయింది.

నాలుగు నెలలకు ఆయన తిరిగి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పారు. గడప అవతల నిలబడే అడిగాడు.

“దానికి ఏం కప్పినావే?”

“ఉన్నదే కప్పినా.”

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వానలు పడ్డాక ఊరి పెద్దలు మళ్ళీ ఆట ఆడించాలన్నారు. రాణి వేషం ఈసారి తన అన్న కొడుక్కు ఇవ్వమని ఆయనకు మెల్లగా చెప్పారు. వేషం దిగేవాడు తన చేత్తోనే ఎక్కేవాడి కాళ్ళకు గజ్జెలు కట్టాలి. “ఒక్క ఆట ఆడనీండి, ఆ తెల్లారే వాడికి కడతా” అని చెప్పి వచ్చి, ఆయన నా ముందు చెయ్యి చాపాడు. నేను పళ్ళ మాట ఎత్తింది అందుకే. ఆయన మానుకుంటే ఆ పూటకు పెట్టె తెరవక్కర్లేదు. అన్న కొడుకు కట్టినా తెరవాల్సిందే గదా అన్నది నాకు తెలియక కాదు.

ఆయన నా మొహం చూస్తూ నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

“చీరను గింజలకు మార్చినావు గదా? చెప్పు. నేనేం అన్లే. కడుపులోకి పోయినదానికి తిట్టేదేముండాది?”

ఔనంటే సరిపోయేది. నా పిసినారితనం ఊరంతా ఎరుగుదురు. నమ్మేవాడు, నాలుగు రోజులు అలిగి ఊరుకునేవాడు. నేను కొంగు ముడి విప్పి తాళంచెవి నేల మీద పెట్టాను.

ఆయన పెట్టె తెరిచాడు. చెక్క నగలు తీసి పక్కన పెట్టాడు. పొడి అయిపోయిన వేపాకు దులిపాడు. చీర విప్పాడు. చీర సగమే ఉంది. కోసిన చోట పోగులు లేవకుండా నేను మడిచి కుట్టిన కుట్టు ఉంది. దాని మీద వేలు పెట్టి కొసదాకా తడిమాడు.

“పిల్లకా?”

“ఇంట్లో నా ఒంటి మీద గుడ్డ తప్ప ఇంకోటి లేదు” అన్నాను.

“ఆ సగం దాని కాళ్ళదాకా వచ్చిందా?”

“వచ్చింది. చిక్కిపోయింది గదా, సరిపోయింది.”

చీర మొత్తం చుట్టి ఉండాల్సింది. అడిగేవాళ్ళు ఎవరున్నారు? ఆ పూట కూడా నా చెయ్యి మిగల్చడమే చూసింది. ఇన్నేళ్ళయినా నన్ను తినేది చీర కోసినందుకు కాదు, మిగిల్చినందుకు.

ఆయన ఏడుస్తాడనుకున్నాను. వందల ఊళ్ళను ఏడిపించిన మనిషి. ఏడవలేదు. సగం చీరను పాత మడతల్లోనే మడిచి, లోపల పెట్టి, తాళం వేసి, చెవి నాకు ఇచ్చాడు. ఆ సాయంత్రం సంగటి ముద్ద ముట్టలేదు. నేను తిన్నాను. పారేయడం నాకు చేతకాదు.

మరునాడు పొద్దున్నే మంగలిని పిలిపించుకుని అరుగు మీద కూర్చున్నాడు. మంగలి పొది విప్పి, ఆ జడ చూసి వెనక్కి తగ్గాడు.

“ఏంది రాణెమ్మా, పరాచికమా? ఎవురన్నా పోయినారా ఏంది?”

“నా కూతురు” అన్నాడు.

అది పోయి ఏడాది దాటిందని మంగలికీ తెలుసు. తల తడిపి, నున్నగా గొరిగాడు. ఆయన తొట్టి దగ్గర నీళ్ళు పోసుకుని, గజ్జెల మూట తీసుకుని అన్న ఇంటికి పోయాడు. నేను అరుగు ఊడ్చాను.