మార్తవ్వ చేతి ముద్ద

తాండూరు స్టేషను అవతల, నాపరాళ్ల గనులకు పోయే దారిలో ఉన్న ఇళ్లలో జంగమ్మ పప్పుకు పేరుండేది. కందిపప్పు అక్కడ అందరి ఇళ్లలోనూ ఉండేదే, ఆ నల్లరేగడిలో పండేదే. అయినా ఎవరింట్లో పెళ్లి జరిగినా పప్పు గుండిగ దగ్గర జంగమ్మనే కూర్చోబెట్టేవారు. ఎవరైనా ఇంకొకరి చేతి వంటను పొగిడితే ఆ పూట ఆమె మొహం మాడిపోయేది. భర్త దేవప్ప గనిలో బండలు కొట్టేవాడు. ఆమె సంగతి తెలిసి ఎక్కడ తిన్నా బాగుందని అనేవాడు కాదు.

వాళ్లకు మొదట పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. పోలీసు చర్య జరిగిన ఏడాది మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఈ బిడ్డనైనా దక్కించుకోవాలని జంగమ్మ అత్త ఆ పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన పిల్లను తెచ్చుకున్నట్టు మళ్లీ ఎత్తుకొచ్చింది. అలా ఆ పిల్ల పెంటమ్మ అయింది. పెంటమ్మను జంగమ్మ నేల మీద నడవనివ్వలేదంటే అబద్ధం కాదు. జొన్నరొట్టె తుంచి పప్పులో నానబెట్టి, వేళ్లతో మెదిపి, ఏ ముద్దకా ముద్ద తానే పెట్టేది. అత్త తినిపిస్తానన్నా ఇచ్చేది కాదు.

పిల్లకు ఐదేళ్లు నిండిన ఎండాకాలంలో మూర్ఛలు మొదలయ్యాయి. ఆడుతూ ఆడుతూ కొయ్యబారి పడిపోయేది. కాళ్లూ చేతులూ కొట్టుకునేవి, నోట్లో నురగ వచ్చేది. చేతిలో తాళాలు పెట్టి చూశారు, ఉల్లిగడ్డ చితకగొట్టి వాసన చూపించారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. ఎవరో చెప్పారని కడుపు మీద వాతలు పెట్టించారు. అవి మానడానికి పట్టినన్నాళ్లు జంగమ్మ పిల్ల మొహం చూడలేకపోయింది. మూర్ఛలు మాత్రం తగ్గలేదు, రోజుకు రెండు మూడు సార్లు వచ్చే దాకా పెరిగాయి.

వికారాబాదులో మిషన్ దవాఖాన ఉందని, అక్కడి దొరసాని డాక్టరమ్మ పిల్లలకు బాగా చూస్తుందని రైల్వేలో పనిచేసే జహూర్ దేవప్పకు చెప్పాడు. భార్యాభర్తలు పిల్లను తీసుకుని రైలెక్కారు.

డాక్టరమ్మ ముందు గోలీలు ఇచ్చింది. వాటితో మూర్ఛలు కొంత తగ్గాయి గాని పోలేదు. పైగా పిల్ల పొద్దంతా మత్తుగా పడి ఉండేది. కొన్ని నెలలు అలా చూసి డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. అన్నం, రొట్టె మానిపించి ఎక్కువగా వెన్న, నెయ్యి, మీగడ, గుడ్లు, కొవ్వున్న మాంసం పెడితే ఒళ్లు ఆ కొవ్వునే కాల్చుకుని బతుకుతుందని, అట్లా ఉన్నప్పుడు కొందరు పిల్లలకు మూర్ఛలు ఆగుతాయని చెప్పింది. అందరికీ ఆగుతాయని మాట ఇవ్వలేనని, దవాఖానలోనే ఉంచి తన కళ్ల ముందే మొదలుపెట్టాలని కూడా అంది. నర్సమ్మ అదంతా తెలుగులో విడమరిచి చెప్పింది. జొన్నలు వద్దు, బియ్యం వద్దు, బెల్లం వద్దు, పప్పులేవీ వద్దు.

జంగమ్మ అడిగింది ఒక్కటే మాట. "పప్పు గూడ వద్దా అమ్మా?"

వద్దంది నర్సమ్మ. పిల్లకు ప్రేమగా పెట్టిందంతా పనికిరానిదని ఎవరో మొహం మీద చెప్పినట్టు అనిపించింది జంగమ్మకు.

దవాఖాన వంటింట్లో మార్త అనే ఆమె ఉండేది. కుల్కచర్ల పక్కన ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి, నలభై దాటిన విధవ, పిల్లలు లేరు. డాక్టరమ్మ చెప్పిన కొలతల ప్రకారం చిన్న తక్కెడలో వెన్న తూచి, గుడ్డు తూచి, పెంటమ్మ తిండి ఆమే వండేది. మొదట్లో పిల్ల అవన్నీ ఉమ్మేసింది. రొట్టె కావాలని ఏడ్చింది. జంగమ్మ తినిపించబోతే చెయ్యి కొట్టేసింది. ఆ రోజుల్లోనే తాండూరులో అత్తకు జ్వరం ఎక్కువైందని కబురొచ్చింది. చూసేవాళ్లు లేక, దేవప్పకు గని మాన వీలులేక, పిల్లను నర్సమ్మలకు అప్పగించి జంగమ్మ వెళ్లక తప్పలేదు.

అత్త తేరుకున్నాక తిరిగి వచ్చేసరికి పెంటమ్మ వంటింటి గడప మీద మార్త ఒళ్లో కూర్చుని ఉంది. మార్త గుడ్డు, మీగడ కలిపి వెన్నలో మెత్తగా వండి, సన్నగా తరిగిన కొత్తిమీర చల్లి, చిన్న చిన్న ముద్దలు నోట్లో పెడుతోంది. ప్రతి ముద్దకూ ఏదో పాట ముక్క పాడుతోంది. పిల్ల బుగ్గలు నిండాయి. కళ్లలో మత్తు లేదు. జంగమ్మను చూసి, తల్లిని పిలిచే పిలుపుతో "అవ్వా" అని నవ్వింది గాని ఒళ్లోంచి దిగలేదు. తినడం అయ్యాక మార్త వైపు తిరిగి "మార్తవ్వా, ఇంకింత" అంది.

మూర్ఛలు వారం నుంచి రాలేదని నర్సమ్మ సంతోషంగా చెప్పింది. జంగమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. మార్తవ్వ అన్న పిలుపొక్కటే చెవుల్లో మోగింది. దర్గాకు మొక్కి, వాతలు పెట్టించి, ఆ ఏడుపంతా తాను ఏడిస్తే, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి అవ్వ అయిపోయింది.

ఆనాటి నుంచి ఆమె మార్తతో మాట్లాడలేదు. వంటింట్లోంచి వచ్చిన గిన్నె చేత్తో అందుకుని మొహం తిప్పుకునేది. పిల్లకు తానే పెట్టాలని కూర్చునేది. పిల్ల రెండు ముద్దలు తిని, "మార్తవ్వ పాట వాడుతది, నువ్వు వాడవు" అనేది. జంగమ్మకు ఆ పాట రాదు. అది కిరస్తానీల గుళ్లో పాడే పాటో, పొలంలో పాడే పాటో కూడా తెలియదు. అయినా దేవప్ప చూడవచ్చిన రోజున, మార్త మన బిడ్డను వాళ్ల గుడికి తీసుకుపోతోందని, పేరు మార్చి తమలో కలుపుకుంటుందని చెప్పింది. అది నిజం కాదని చెప్పేటప్పుడే ఆమెకు తెలుసు. మార్త పిల్లను దవాఖాన ఆవరణ దాటించలేదు.

దేవప్ప నమ్మాడు. డాక్టరమ్మ వద్దన్నా వినకుండా పిల్లను తాండూరు తీసుకొచ్చారు. తిండి మాత్రం ఆపవద్దని, ఉన్నట్టుండి మారిస్తే ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. కొలతలు జంగమ్మకు నోటికి వచ్చు. దేవప్ప బషీరాబాదు నుంచి గేదె వెన్న తెచ్చాడు. జంగమ్మ వండింది. పెంటమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"మార్తవ్వ వండినట్ల లేదు," అంది.

మరునాడూ అదే మాట, ఆ తరువాతా అదే. తన చేతి వంటను పిల్ల ఉమ్మేయడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక పొద్దున దేవప్ప గనికి పోయాక ఆమె పొయ్యి మీద పప్పు ఎక్కించింది. ఎల్లిగడ్డ పోపు పెట్టింది. వేడి జొన్నరొట్టె తుంచి, పప్పులో మెదిపి, ఎప్పటిలాగే ముద్ద చేసి నోటికందించింది. పెంటమ్మ కళ్లు మూసుకుని తింది. రొట్టె మొత్తం తిని వేళ్లు నాకి, తల్లి మెడకు కరుచుకుంది. ఆ పూట మార్త పేరు ఎత్తలేదు. జంగమ్మ ఆ రోజంతా ఎంతో కాలం తరువాత కడుపు నిండినట్టు తిరిగింది. ఇప్పుడు మార్త చూడాలి అనుకుంది. సాయంత్రం మళ్లీ పప్పే పెట్టింది.

రెండో రోజు పిల్ల పడిపోయింది. ఒకటి ఆగేలోగా మరొకటి. ఇంతకు ముందు ఎన్నడూ అంత గట్టిగా రాలేదు. దేవప్పను గని నుంచి పిలుచుకొచ్చారు. దొరికిన రైలెక్కారు. రైలు సగం దారిలో ఉండగా పిల్లకు కాస్త తెలివొచ్చి, మసక చూపుతో అటూ ఇటూ చూసి మార్తవ్వను పిలిచింది. తల్లి ఒళ్లోనే పడుకుని పిలిచింది. జంగమ్మ ఆ పిలుపు విని ఏడ్వలేదు. భర్తకు అప్పుడే చెప్పింది, తానే పప్పు పెట్టాననీ, మార్త గురించి ఆడింది అబద్ధమనీ. దేవప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

డాక్టరమ్మ సూది మందుతో మూర్ఛలు ఆపింది. కోప్పడింది కూడా. పిల్ల నిద్రపోయాక జంగమ్మ వంటింటికి వెళ్లింది. మార్త పుంటికూర, అంటే గోంగూర ఆకులు తుంచుతోంది.

"అక్కా, బిడ్డకు పప్పు వెట్టింది నేనే," అంది జంగమ్మ. "నా చేతిది తినాల్నని వెట్టిన. నిన్ను మర్సిపోవాల్నని వెట్టిన."

మార్త ఆకులు పక్కకు జరిపి ఆమె వైపు తిరిగింది.

"నువ్వు తోల్కపోయిన నాడు నేనేమనుకున్ననో ఎర్కేనా?" అంది. "నేను లేకుంటే ఆ పిల్లకు తిండి సాగొద్దు అనుకున్న. ఒక్క ఘడియనే. అయినా అనుకున్న. పదేండ్ల సంది మంది పిల్లలకే వండుతున్న, గిట్ల ఎవ్వరు నన్ను అవ్వా అనలే. ఇగ నువ్వు నాకు చెప్పేదేంది, నేను నీకు చెప్పేదేంది. లోపటికి రా. పొయ్యి ముందర కూసో."

మార్త ఒక్క నియమం పెట్టింది. వండడం తాను నేర్పుతుంది, తినిపించడం మాత్రం జంగమ్మే తినిపించాలి. తాను పిల్ల ముందుకు రాదు. జంగమ్మ ఒప్పుకుంది. మాంసంలోని కొవ్వు ముక్కలను పుంటికూరలో ఎట్లా ఉడికించాలో, పచ్చికొబ్బరి ఎంత వెయ్యాలో, వెన్న మాడకుండా గుడ్డు ఎప్పుడు దించాలో నేర్చుకుంది. నేర్చుకుంటూనే ఎక్కడ మార్తను మించవచ్చో వెతికింది. పెంటమ్మకు కావలసింది రొట్టె అని, తుంచి ముంచుకు తినడమని ఆమెకు తెలుసు. గుడ్లు పలచగా గిలకొట్టి, పెనం నిండా వెన్న పూసి, రొట్టెలాగా పల్చగా పోసి రెండు వైపులా కాల్చింది. దాన్ని తుంచి పుంటికూరలో ముంచి పెట్టింది. పిల్ల చేతులతో తానే తుంచుకుని తినసాగింది.

అప్పుడు జంగమ్మ వంటింటి వైపు చూసింది. తలుపు సందులో మార్త చీర కొంగు కనిపించింది. నిలబడి వింటోంది. గెలిచానన్న సంతోషం జంగమ్మకు కలిగింది. అది మంచి సంతోషం కాదని తెలిసినా కలిగింది. మార్త ఆ తరువాత గుడ్డు రొట్టె పొయ్యడం జంగమ్మను అడిగి నేర్చుకుంది. అడిగేటప్పుడు పెనం వైపే చూసింది.

ఎవరిది బాగుంటుందని జంగమ్మ ఒకసారి పిల్లను అడగనే అడిగింది. మార్తవ్వది మెత్తగా ఉంటుంది, నీది కారంగా ఉంటుంది అని పెంటమ్మ చెప్పింది. ఎంత బతిమాలినా ఒకరి పేరు చెప్పలేదు.

తాండూరు చేరాక ఆ తిండి రెండేళ్లకు పైగా సాగింది. దేవప్ప కంసాలి దగ్గర పాత తక్కెడ ఒకటి సంపాదించాడు. బోనాలకు, పెళ్లిళ్లకు జంగమ్మ వెళ్లడం మానేసింది, పిల్ల ఎక్కడ ఎవరి చేతి బెల్లం ముక్క తింటుందోనని. వాడకట్టు పిల్లలు చెరుకు నములుతుంటే పెంటమ్మ కళ్లు వాళ్ల నోళ్ల మీదే ఉండేవి. అది చూసి ఆ పిల్లల తల్లుల మీద కూడా జంగమ్మకు కుళ్లు పుట్టేది. నెలకోసారి వికారాబాదు వెళ్లేవారు. మూర్ఛలు మొదట వారానికొకటి, తరువాత ఎప్పుడో ఒకటి, చివరికి పూర్తిగా ఆగాయి. డాక్టరమ్మ కొద్దికొద్దిగా అన్నం కలుపుతూ వచ్చింది. ఇంకొన్నాళ్లకు గోలీలు కూడా తగ్గించి మానిపించింది. అన్ని తిండ్లూ తిన్నా పెంటమ్మ మళ్లీ పడిపోలేదు.

పద్దెనిమిదో ఏట ఆమెకు పరిగిలో బస్సు డ్రైవరు బాలప్పతో పెళ్లయింది. మూర్ఛల సంగతి దాచకుండా చెప్పే చేశారు. పెళ్లికి మార్త వచ్చింది. ఈమె ఎవరని చుట్టాలు అడిగితే మా పిల్లకు దవాఖానలో వండిపెట్టిందని జంగమ్మ చెప్పింది. అంతకు మించి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మార్త పక్కనే ఉండి విని, అవునన్నట్టు తలూపింది. వీడ్కోలు వేళ పెంటమ్మ ముందు తల్లి కాళ్లకు మొక్కింది. తరువాత మార్త కాళ్లకు మొక్కింది, అక్కడ కొంచెం ఎక్కువసేపు వంగి ఉన్నట్టు జంగమ్మకు అనిపించింది.

పరిగి నుంచి తాండూరు రావాలంటే వికారాబాదులో బస్సు దిగి రైలెక్కాలి. పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ పెంటమ్మ వికారాబాదులో ఒక పూట ఆగి, మార్త ఇంట్లో తిని వచ్చేది. ఏం తిన్నావని జంగమ్మ అడిగేది, చెబితే వినలేక లోపలికి పోయేది. అక్కడ ఆగకుండా నేరుగా రమ్మని చెప్పాలని ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కసారి కూడా అనలేదు. మార్త పోయే దాకా ఆ పూట మార్తదే.