రోలర్ డోర్ దించేసిన మా శ్రీను బావ

నిన్న శనివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "బావ ఇక లేడురా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

షాపింగ్ సెంటర్ కార్ పార్క్‌లో అలాగే కూర్చుండిపోయాను.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఈ పరాయి దేశంలో మనముండే కానింగ్ వేల్‌లో మన తెలుగువాళ్ళందరికీ శ్రీను బావ తెలుసు. వారమంతా ఐటీ ఉద్యోగం, శనివారం వస్తే ఇంటి గరాజ్‌లో మీ కార్ల ఏసీలకి గ్యాస్ ఎక్కించడం. వర్క్‌షాప్‌లో అయితే లైసెన్స్ ఉన్న మెకానిక్ ముందు లీక్ వెతుకుతాడు, పాత గ్యాస్ మెషీన్‌తో లాగుతాడు, కారు ఉంచి వెళ్ళమంటాడు.

బావ దగ్గరైతే అక్క పెట్టిన బిర్యానీ తిని లేచేలోపు చల్లగాలి.

మీరంతా వచ్చింది అందుకేగా.

లైసెన్స్ లేదు కాబట్టి మామూలు ఏసీ గ్యాస్ బావకి అమ్మరు. ఆన్‌లైన్‌లో దొరికే మండే గ్యాస్ డబ్బాలు తెప్పించేవాడు. పక్కింటాయన చూసి కంప్లయింట్ ఇస్తాడని గరాజ్ రోలర్ డోర్, అదే షట్టర్, పూర్తిగా దించేసేవాడు.

పోయిన సమ్మర్‌లో నా కారుకి ఎక్కిస్తుంటే డోర్ నేనే పైకెత్తాను. మళ్ళీ దించాడు.

"ఏం కాదురా. ఈ రూల్సన్నీ మనల్ని భయపెట్టడానికే."

కారు తీసుకుని ఇంటికొచ్చేశాను. అప్పటినుంచి వాట్సాప్ గ్రూప్‌లో నా పేరు 'సేఫ్టీ ఆఫీసర్'. ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది.

నిన్న ఎవరిదో కారుకి ఎక్కిస్తుంటే పైపు దగ్గర గ్యాస్ లీకైంది. గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పేరుకుంది. మూలన రెండో ఫ్రిజ్ ఉంది. మనందరి గరాజుల్లోనూ ఉంటుందిగా, పెరుగు బకెట్లు, ఇడ్లీ పిండి పెట్టుకునేది. అది దానంతటదే ఆన్ అయినప్పుడు వచ్చిన నిప్పురవ్వే అంటుకుని ఉంటుందని ఫైర్ వాళ్ళు అన్నారు. డోర్ తీసి ఉంటే గ్యాస్ చాలావరకు బయటికి పోయేదట.

కారు ఓనర్ అప్పుడు లోపల బిర్యానీ తింటున్నాడు. అతనికి ఏమీ కాలేదు.

సాయంత్రానికి గ్రూప్ నిండా దండాలు. హెల్పింగ్ నేచర్ అట, బంగారం లాంటి మనిషి అట. బావ ఫోటో కిందే ఒకాయన మెసేజ్.

"ఏసీ గ్యాస్ ఇంకెవరైనా చేస్తారా బ్రో? ఈ వీక్ హీట్ మామూలుగా లేదు."

దాని కింద చేసేవాళ్ళ పేర్లు కూడా వచ్చాయి.

అక్క ఆ గ్రూప్‌లోనే ఉంది. చదివింది.

రేపు ఇంటికొచ్చేవాళ్ళు బావ ఎంత మంచివాడో అక్కకి చెప్పకండి. ఆవిడకి తెలుసు.

నీ మీద కోపం ఇప్పట్లో తగ్గదు బావా. ఇంకెక్కడా తలుపులు దించుకోకు. బాగా గాలి ఆడే చోట హాయిగా పడుకో.