పిన్నికి నేను చేసిన సెన్సారు

లోకంలోని దుఃఖాలన్నిటికీ మందు నా దగ్గరే ఉందనుకునే రోజులవి. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆ ఏడాదే దేవరాపల్లి దగ్గర చెరకు పండించే మా బాబాయి గుండెపోటుతో పోయారు. పిల్లల్లేని పిన్నిని అమ్మ అనకాపల్లిలోని మా ఇంటికి తెచ్చేసుకుంది. "దాని ఎదర ఆయన ఊసెత్తకండి. టీవీలో మొగుళ్లు పోయే సినిమాలు అసల పెట్టకండి" అని అందరికీ హుకుం జారీ చేసి, రిమోటు నా చేతికిచ్చింది. తెర మీద ఎవరి బొట్టు చెదిరినా సరే, ఠక్కున వ్యవసాయ కార్యక్రమానికి మార్చేసేదాన్ని. (పుట్టగొడుగుల పెంపకం గురించి పిన్నికి తెలిసినంత మా జిల్లాలో ఇంకెవరికీ తెలిసుండదు.) ఆవిడ ఏమీ అనేది కాదు. అసలు ఎవరితోనూ ఏమీ అనేది కాదు.

ఏడాది దాటాక, కడుపుబ్బ నవ్వించే సినిమా అని స్నేహితురాలు చెబితే, పిన్నిని బతిమాలి హాలుకు తీసుకెళ్లాను. సరిగ్గా ఇంటర్వెల్ ముందు హీరోను లారీ గుద్దేసింది. "పిన్నీ, లే, సమోసా తిని ఇంటికెళ్లిపోదాం" అన్నాను.

"కూకోవే. ఆవిడేటి సేత్తదో సూడనీ."

ఆవిడ, అంటే హీరోయిన్, తెల్లచీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. పాట అయిపోయినా లేవలేదు. పిన్ని ఇక ఊరుకోలేకపోయింది. "ఒలే, ఈవిడికి డెత్ సర్టిఫికెట్టుకి తిరగక్కర్లేదేటి? పాసుబుక్కులో పేరు మార్పించుకోవద్దా? కిటికీ కాడ కూకోడానికి నాకు ఒక్క పూటైనా కుదిరిందేటి?" ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను చున్నీలో మొహం దాచుకుని నవ్వాను.

అంతలో హీరోయిన్ బీరువా తెరిచి, భర్త చొక్కా తీసి మొహానికి ఆనించుకుంది. పక్కకి చూస్తే పిన్ని కళ్లు ధారలు కడుతున్నాయి. కంగారుపడి నా చున్నీ ఆవిడ కళ్లకు అడ్డంగా పట్టాను (పందొమ్మిదేళ్లకి అంతే తోచింది మరి).

"అడ్డు తియ్యే" అని నా చెయ్యి తోసేసింది.

ఆటోలో తనే నోరు విప్పింది. "మీ బాబాయి సొక్కాలు పదో రోజుకే మూటగట్టి ఎవరికో ఇచ్చేసేరు. నా మంచికేలే. ఒక్కటుంచండని అడగలేకపోయేను." ఇల్లు చేరేదాకా బాబాయి గురించే చెప్పింది: ఆయన గురక, ఆయన కోపం, కాఫీలో ఆయన పోయించుకునే పంచదార. ఏడాదిలో అదే మొదటిసారి. నేను మాత్రం నోరెత్తలేదు. అమ్మ చెబితే ఆ మూట కట్టింది నేనే.

ఆ తర్వాత భర్తలు పోయిన సినిమాలు ఇద్దరం చాలానే చూశాం. మూడోదో నాలుగోదో అయ్యాక ధైర్యం చేసి, మూట సంగతి ఒప్పేసుకున్నాను.

"తెలుసే. గుమ్మం కాణ్ణుంచి సూసేను" అంది పిన్ని. "ఏడ్సుకుంటా కట్టేవు. ముడి మూడుసార్లు ఊడిపోయింది."

ఏడ్చానన్న సంగతి నాకే గుర్తులేదు. ఇంట్లో ఎవరి కంటా నీరు రానివ్వనని తిరిగిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తిగా రాకుండానే ఎక్కడో ఆగిపోతుంది.